నిర్ధూళి డబ్బా

రాళ్లపాడులో దుమ్మును ఎవరూ దుమ్ము అనుకోరు, వాతావరణం అనుకుంటారు. ఊరి చుట్టూ నూటపాతిక నాపరాళ్ల పాలిష్ మిషన్లున్నాయి. పొద్దున ఏడింటికి అవి గుర్రుమనడం మొదలుపెడితే సాయంత్రం ఆరు దాకా ఊరి మీద తెల్లటి పొడి సన్నగా దిగుతూనే ఉంటుంది. రాళ్లపాడు గేదెలు దూరం నుంచి ఆవుల్లా కనిపిస్తాయి. పాతికేళ్లవాడు బస్టాండు నుంచి ఇంటికి నడిచొచ్చేసరికి జుట్టు నెరిసిపోతుంది. తలంటు పోసుకుంటే మళ్లీ పాతికేళ్లవాడైపోతాడు. పొరుగూళ్ల నుంచి పెళ్లిచూపులకు వచ్చేవాళ్లు, పిల్లవాడికి స్నానం చేయించి ఉంచమని ముందే కబురు పెడతారు.

అందుకే ఈ ఊరి ఆడవాళ్లు కనిపించిన ప్రతి వస్తువుకూ తొడుగు కుడతారు. మున్సిపల్ ఆఫీసులో సీనియర్ అసిస్టెంటుగా పనిచేసే హైమవతి ఇంట్లో టీవీకి తొడుగుంది, ఫ్రిజ్జుకుంది, మిక్సీకుంది, కుట్టు మిషనుకుంది. కుట్టు మిషను తొడుగు మాసిపోకుండా దాని మీద ఒక పాత తువ్వాలు కూడా ఉంది.

"ఇంకా నయం, నాకు కుట్టలేదు" అంటాడు ఆమె భర్త రామసుబ్బయ్య.

"కొలతలకి కదలకుండా నిలబడరుగా" అంటుంది ఆమె.

ఆఫీసులో హైమవతిది జనన మరణాల విభాగం. ఇరవై ఆరేళ్లుగా లోకంలోకి వచ్చినవాళ్లను ఒక రిజిస్టరులోకి, లోకం నుంచి వెళ్లిపోయినవాళ్లను రెండో రిజిస్టరులోకి ఆమే ఎక్కిస్తోంది. ఆమె బల్ల కింద, నేల మీద, కాళ్లకు తగులుతూ ఒక కంప్యూటరు పెట్టె ఉంటుంది. ఆఫీసులో అందరూ దాన్ని డబ్బా అంటారు. ఎనిమిదేళ్లుగా అది పిల్లిలా గురగురమంటూ అక్కడే పడి ఉంది. చిన్నచూపు చూడటానికి లేదు; కమిషనర్ గారి డిజిటల్ సంతకం ఉన్నది ఆ ఒక్క డబ్బాలోనే. ఆఫీసు నుంచి ఏ ఉత్తర్వు వెలువడాలన్నా అందులోంచే రావాలి. చేత్తో రాసి సంతకం చేసిన ఉత్తర్వు చెల్లదని నాలుగేళ్ల కిందటే సర్క్యులర్ వచ్చింది.

అంత ముఖ్యమైన డబ్బా బాగోగులు చూసే అధికారి ఎవరూ లేరు. చూసేది సుంకులమ్మ. పందొమ్మిదేళ్లుగా ఆ ఆఫీసు ఊడుస్తున్న మనిషి. ప్రతి శనివారం మధ్యాహ్నం ఆమె డబ్బా ముందు పక్క ప్లాస్టిక్ మూతి ఊడదీసి, దాని వెనక ఉన్న సన్నటి జాలీ లాగి, వరండా స్తంభానికి రెండుసార్లు తట్టేది. కొళాయి కింద కడిగి, ఎండలో ఆరబెట్టి, మళ్లీ తగిలించేది. చేయమని ఎవరూ చెప్పలేదు.

"అదెందుకు తీస్తావు సుంకులమ్మా?" అని హైమవతి ఒకసారి అడిగింది.

"టీ జల్లెడ కడగమా అమ్మా? దీనికీ ముక్కుండాది గదా. మూసుకుపోతే ఊపిరెట్ల ఆడతాది?" అంది సుంకులమ్మ.

హైమవతికి ఆ మాట సబబుగానే తోచింది. ఆ రోజు నుంచి శనివారాలు తన కాళ్లు తనే పక్కకు జరుపుకొనేది.

ఇలా ఉండగా, రాజధానిలో ఎవరో పెద్దాయన తన కంప్యూటరు విప్పించి చూసి తుమ్మారట. ఆ తుమ్ము మూడు వారాల్లో జిల్లాలకు చేరింది. చేరేటప్పటికి దానికి పేరు కూడా వచ్చింది: నిర్ధూళి మహాసంకల్పం.

"ఇందుమూలముగా సమస్త కార్యాలయాధిపతులకు తెలియజేయడమేమనగా, గణన యంత్రముల అంతర్భాగమునందు ధూళి అనునది పరిపాలనా సామర్థ్యమును కుంటుపరచుచున్నందున, ఈ నెలాఖరులోగా ధూళిని సంపూర్ణముగా నిర్మూలించి నివేదిక సమర్పించవలెను. ముప్పయ్యవ తేదీన పరిశీలకులు స్వయముగా విచ్చేసి మార్కులు వేయుదురు."

కమిషనర్ విద్యాధర్‌కు ముప్పైనాలుగేళ్లు. మంచివాడే, కాని ఏ పథకం వచ్చినా ఆయనకు ఒంట్లోకి జ్వరం వచ్చినట్టు వచ్చేస్తుంది. అంతకుముందు నెల చిరునవ్వుల వారం జరిపి, సిబ్బంది రోజుకు మూడుసార్లు నవ్వినట్టు రిజిస్టరులో సంతకాలు పెట్టించాడు. ఇప్పుడు అందరినీ జనన మరణాల గదికి పిలిపించాడు. మేనేజర్ చెన్నకేశవులు స్క్రూడ్రైవరును హారతిపళ్లెంలా రెండు చేతులతో పట్టుకొచ్చాడు. డబ్బా విప్పారు. మూల ఒక చెంచాడు తెల్లపొడి కనిపించింది.

అందరూ ఒక అడుగు వెనక్కి వేశారు.

"ఎనిమిదేళ్లకు ఇంతేనా?" అంది హైమవతి. "మా ఫ్రిజ్జు వెనక వారానికి ఇంత వస్తుంది సార్."

"ఇది ధూళి కాదమ్మా" అన్నాడు కమిషనర్ ఆ పొడి వైపు వేలు చూపించి. "ఇది మన సమష్టి వైఫల్యం. మేనేజర్ గారూ, దీన్ని కవరులో వేసి సీలు చేయండి. ధూళి మూలాన్వేషణకు ఉపసంఘం వేస్తున్నాను. అధ్యక్షులు మీరే."

"చిత్తం" అన్నాడు చెన్నకేశవులు. ముప్పై రెండేళ్ల సర్వీసులో ఆయన ఇంకో మాట ఎక్కువగా వాడింది లేదు.

ఉపసంఘం మూలాన్ని ఒక్క రోజులో కనిపెట్టింది. పొద్దున తొమ్మిదిన్నరకు తూర్పు కిటికీలోంచి ఎండ గదిలోకి కర్రలాగా దిగుతుంది. ఆ ఎండలో చెన్నకేశవులు నిలబడి రెండు ఫొటోలు తీయించాడు. మొదటిది సుంకులమ్మ ఊడవక ముందు. అందులో గాలి స్వచ్ఛంగా ఉంది. రెండోది ఊడుస్తుండగా, అందులో దుమ్ము సుడులు తిరుగుతోంది. నివేదికలో ఇలా రాశాడు: "ఊడ్వక పూర్వము ధూళి లేదు. ఊడ్చుచుండగా ఉన్నది. కావున ధూళికి మూలము ఊడ్చుటయే అని నిర్ధారణ."

సుంకులమ్మను పిలిపించి చెప్పారు.

"నేను పుట్టించినానా సార్ దుమ్మును?" అంది ఆమె చీపురు చంకలో పెట్టుకొని. "కింద ఉండేదాన్నే గదా నేను లేపేది."

"లేపడమే ఇక్కడ ఆక్షేపణ" అన్నాడు కమిషనర్ సౌమ్యంగా. "కింద ఉన్నంతవరకు అది ప్రశాంతంగానే ఉంది."

చీపురుతో సహా ఆ గదిలోకి సుంకులమ్మ ప్రవేశం నిషేధించారు. రెండు రోజుల తర్వాత నిషేధం ఆఫీసంతటికీ పాకింది. ఆ వెంటనే ఇంకో చిక్కు వచ్చింది. ఊడవడం నిషిద్ధమైన ఆఫీసులో ఊడ్చే మనిషి ఎందుకు? పైగా పథకం నియమాల్లో పదకొండోది చెబుతోంది, ఊడ్పు రహిత కార్యాలయానికి అదనంగా పది మార్కులని.

సుంకులమ్మది కాంట్రాక్టు ఉద్యోగం. ముప్పయ్యవ తేదీ సాయంత్రం ఐదింటిలోగా తొలగింపు ఉత్తర్వు వస్తే అంతటితో సరి. రాకపోతే కాంట్రాక్టు దానంతటదే ఇంకో సంవత్సరం సాగుతుంది. ఉత్తర్వు తయారు చేసే పని హైమవతి బల్ల మీదికి వచ్చింది.

ఆ మధ్యాహ్నం ఇద్దరూ ఎప్పట్లాగే వరండాలో అన్నం తిన్నారు. హైమవతి గోంగూర పచ్చడి, సుంకులమ్మ జొన్నరొట్టె మార్చుకోవడం వాళ్లకు పన్నెండేళ్ల అలవాటు. ఆ రోజు రొట్టె సుంకులమ్మ చేతిలోనే ఉండిపోయింది.

"పందొమ్మిదేండ్లు ఊడ్చినానమ్మా. ఇప్పుడు నన్నే ఊడుస్తాండారు."

"ఉత్తర్వు రాయాల్సింది నేనే సుంకులమ్మా" అంది హైమవతి. దాచిపెట్టడం ఆమెకు చేతకాలేదు.

సుంకులమ్మ ఆమె మొహంలోకి చూసింది. "రాయమ్మా. నువ్వు రాయకుంటే నీకు మెమో ఇస్తారు. పాలిష్ మిషన్ల కాడికి పోతా. ఆడ దుమ్ము ఊడ్చద్దనేటోళ్లు లేరు" అని, దగ్గి, నవ్వడానికి ప్రయత్నించింది. సుంకులమ్మకు యాభై ఎనిమిది. పాలిష్ మిషన్ల దగ్గర ఆమె వయసు మనుషులు రెండేళ్ల కంటే ఎక్కువ పనిచేయరని ఇద్దరికీ తెలుసు. వాళ్ల పేర్లు హైమవతి దగ్గర రెండో రిజిస్టరులోకి ఎక్కుతాయి.

హైమవతి ఉత్తర్వు రాయడం మొదలుపెట్టింది. చెన్నకేశవులు అడిగినప్పుడల్లా "ముసాయిదా పరిశీలనలో ఉంది సార్" అనేది. ఇరవై ఆరేళ్ల సర్వీసులో ఆమె నేర్చుకున్న విద్య అది.

ఊడవడం ఆగిన వారానికి నేల మీద దుమ్ము చీలమండల దాకా వచ్చింది. మనుషులు నడుస్తుంటే అడుగులు పడేవి, కాసేపటికే పూడిపోయేవి. శనివారాలు జాలీ కడిగేవాళ్లు లేక డబ్బా ముక్కు పట్టేసింది. గురగుర పోయి గుర్రు వచ్చింది.

"సార్, ఆ ముందు జాలీ ఒకసారి కడిగిస్తే..." అని హైమవతి చెప్పబోయింది.

"జాలీ అనే పదం మార్గదర్శకాల్లో ఎక్కడా లేదమ్మా" అన్నాడు కమిషనర్. "అది సరే, మీరు ఇంట్లో అన్నిటికీ తొడుగులు కుడతారట? మేనేజర్ గారు చెప్పారు. ప్రజల భాగస్వామ్యం అంటే అదే. డబ్బాకూ ఒకటి కుట్టండి."

"కుడతాను సార్. కాని ఇది నడిచే వస్తువు. వేడి..."

"దుమ్ము గురించి మాట్లాడుతుంటే వేడి అంటారేంటి? వేడి వేరే పథకం."

ఆదివారం హైమవతి మిగిలిపోయిన నీలం కర్టెను గుడ్డతో తొడుగు కుట్టింది. అడుగున కుచ్చులు పెట్టింది. కుట్టాక అందంగా లేకపోతే ఆమెకు నిద్ర పట్టదు. సోమవారం డబ్బాకు తొడిగారు, కమిషనర్ చప్పట్లు కొట్టించాడు. ఇరవై నిమిషాలకు డబ్బా ఒక్కసారి గట్టిగా ఊపిరి వదిలి ఆరిపోయింది. అరగంట చల్లారాక మళ్లీ లేచింది, మళ్లీ ఇరవై నిమిషాలకు ఆరిపోయింది. ఒక పాప జనన పత్రంలో తండ్రి పేరు సగం పడి ఆగింది. ఆ తండ్రి బల్ల దగ్గరే నిలబడి, తన రెండో సగం కోసం మధ్యాహ్నం దాకా ఎదురుచూశాడు.

ఇలాంటి ఆరిపోవడాలు రాష్ట్రమంతటా జరిగి ఉంటాయి. ఆ గురువారమే రెండో సర్క్యులర్ వచ్చింది: వాయుగమన మార్గదర్శకాలు. అందులో మూడు సూత్రాలున్నాయి. గాలి ముందు నుంచి ప్రవేశించి వెనుక నుంచి నిష్క్రమించాలి. ప్రవేశించిన దారిన నిష్క్రమించరాదు. ప్రవేశం ఎల్లప్పుడూ నిష్క్రమణ కంటే ఎక్కువగా ఉండాలి. అప్పుడు లోపలి ఒత్తిడి పెరిగి, సందుల్లోంచి ధూళి చొరబడదు.

ఇంతవరకు ఎవరైనా ఒప్పుకోవాల్సిందే. కాని కింద, అలవాటు కొద్దీ, ఎవరో ఒక వాక్యం చేర్చారు: "ఈ సూత్రములు యంత్రమునకును, యంత్రము గల గదికిని సమానముగా వర్తించును."

విద్యాధర్ ఆ వాక్యం కింద రెండు గీతలు గీశాడు.

మర్నాటి నుంచి జనన మరణాల గదికి జనం ముందు తలుపులోంచి రావాలి, వెనక తలుపులోంచి పోవాలి. వెనక తలుపు అవతల మురుగు కాలువ ఉంది. దాని మీద ఒక నాపరాయి బండ పరిచారు. రెండు తలుపుల దగ్గర ఇద్దరు అటెండర్లు రిజిస్టర్లతో కూర్చున్నారు. ఇక మూడో సూత్రం. వచ్చేవాళ్లు పోయేవాళ్ల కంటే ఎప్పుడూ ఎక్కువ ఉండాలి.

"ముగ్గురు వస్తే ఇద్దరిని వదలండి" అని కమిషనర్ నిష్పత్తి తేల్చేశాడు.

పదిన్నరకు మనవరాలి జనన పత్రం కోసం వచ్చిన దస్తగిరి, పదకొండింటికల్లా కాగితం చేతిలో పడి వెనక తలుపు దగ్గరికి వెళ్లాడు. అటెండరు చెయ్యి అడ్డం పెట్టాడు.

"ఆగాల. ఇంగా ముగ్గురు లోపలికొస్తే నీ వంతు."

"నా పనైపోయింది నాయనా."

"పని గురించి కాదు, ఒత్తిడి గురించి."

దస్తగిరి చెన్నకేశవులును అడిగాడు. చెన్నకేశవులు సర్క్యులర్ చదివి వినిపించాడు. దస్తగిరి కాసేపు ఆలోచించి, ఫోను తీసి ఇద్దరు బావమరుదులకూ ఒక తమ్ముడికీ ఫోను చేశాడు. "ఒరే, మున్సిపల్ ఆఫీసులోకి రండి. పనేం లేదు, ఉత్తగ రండి. మీరు లోపలికొస్తే నేను బయటికి పోతా." వాళ్లు వచ్చారు. ఆయన వెళ్లిపోయాడు. బావమరుదులూ తమ్ముడూ ఇరుక్కుపోయారు. వాళ్లు తమ పెళ్లాలకు ఫోన్లు చేశారు.

మధ్యాహ్నం మూడింటికి గదిలో నలభై ఒక్క మంది ఉన్నారు. వాళ్లలో పత్రాలు కావలసినవాళ్లు ఏడుగురే. ఎవరో మిరపకాయ బజ్జీలు తెప్పించారు. ఒక చంటిబిడ్డ ఉయ్యాల కావాలని ఏడ్చింది; హైమవతి కుచ్చుల తొడుగు ఊడదీసి ఊయలగా కట్టించింది. బల్ల కింద డబ్బా హాయిగా ఒక ఊపిరి పీల్చుకున్నట్టు గురగురమంది, ఒకే ఒక్క గంట.

"రేపొద్దున మళ్లీ రావాల్నా మేడం, లేక మేం లోపలోళ్లమా ఇప్పటికి?" అని దస్తగిరి పెద్ద బావమరిది అడిగాడు. "ఈడనే ఉంటే మా మరణ పత్రాలు గూడ ఈడనే తీసుకుంటాం, ఒకటే తిరుగుడు."

ఐదింటికి చెన్నకేశవులు చెమట తుడుచుకుంటూ నియమావళి తిరగేశాడు. అందులో తలుపుల గురించే ఉంది. కిటికీని నిష్క్రమణ మార్గంగా ఎక్కడా పేర్కొనలేదు. కాబట్టి కిటికీలోంచి పోతే పోయినట్టు కాదు. కిటికీ కింద స్టూలు వేసి ఒక్కొక్కరినీ దింపించాడు. బయట మెట్ల మీద, ఖాళీ బకెట్టు పక్కన కూర్చున్న సుంకులమ్మ పెద్దవాళ్ల చెయ్యి పట్టుకొని దింపింది. పన్నెండు రోజుల్లో ఆమె చేసిన మొదటి పని అది.

"ఇంగ ఐదు దినాలే గదమ్మా" అంది అందరూ పోయాక. హైమవతి సంచీ తీసుకొని మెట్లు దిగింది.

ఇంటికి వెళ్లి ఆమె వంటగది సర్దడం మొదలుపెట్టింది. మనసు బాగోలేనప్పుడు డబ్బాలు దించి తుడుస్తుంది. అటక మీద, ఆడపడుచు గృహప్రవేశానికి ఇచ్చిన ఎగ్జాస్టు ఫ్యాను దొరికింది. ఆరేళ్లయింది, పెట్టెలోనే ఉంది. తీసి చూస్తే రెక్కలు అద్దంలా మెరుస్తున్నాయి. పొయ్యి పైన తిరిగే పాత ఫ్యాను రెక్కలు మాత్రం, మొన్న దీపావళికి కడిగినవి, నల్లగా జిడ్డు పట్టి ఉన్నాయి.

"ఇది చూశారా? కొత్తదానిలా ఉంది" అంది భర్తతో.

"వాడితే కదా మాసేది" అన్నాడు రామసుబ్బయ్య పేపరు దించకుండా. "తిరగని ఫ్యానుకు ఏం పని, దుమ్ము పీల్చుకోవడానికి?"

హైమవతి నిచ్చెన మెట్టు మీదే కూర్చుండిపోయింది. తర్వాత దిగి, చేతులు కడుక్కొని, ఆఫీసు ఫైలు తీసుకుంది.

మర్నాడు కమిషనర్ బల్ల మీద ఆమె నోట్ ఉంది. ముత్యాల్లాంటి అక్షరాలు.

"సమర్పించడమైనది. ధూళి గాలితో పాటు యంత్రంలోకి ప్రవేశిస్తున్నది. గాలిని లోపలికి లాగుతున్నది యంత్రంలోని ఫ్యాను. ఫ్యాను తిరుగుతున్నది యంత్రం నడుస్తున్నప్పుడు మాత్రమే. యంత్రం నడవనప్పుడు గాలి లేదు, వేడి లేదు, ధూళి లేదు. ఒకసారి శుభ్రపరిచి ఆపివేసిన పక్షంలో సంపూర్ణ నిర్ధూళి స్థితి శాశ్వతంగా లభించగలదు. జనన మరణ పత్రాలకు, యంత్రం అందుబాటులో లేనప్పుడు చేతిరాత నకలు ఇవ్వవచ్చునన్న పాత నిబంధన అమలులో ఉన్నది. తగు ఉత్తర్వుల నిమిత్తం."

విద్యాధర్ రెండుసార్లు చదివాడు. కళ్లు చెమర్చాయి.

"మేనేజర్ గారూ! ఇన్నాళ్లూ మనం కొమ్మలు నరుకుతున్నాం. ధూళికి అసలు మూలం స్విచ్చు!"

"చిత్తం."

డబ్బా విప్పి, పెయింటు బ్రష్షుతో జాలీతో సహా మూలమూలలూ దులిపి, మూసి, స్విచ్చు ఆపేశారు. అటెండరు అలవాటు కొద్దీ కుంకుమ బొట్టు పెట్టబోతే, కుంకుమ కూడా పొడేనని కమిషనర్ చెయ్యి అడ్డం పెట్టాడు. హైమవతి బల్లను వరండాలోకి మార్చుకుంది. రిజిస్టరు తెరిచి, కలం పట్టి పత్రాలు రాయసాగింది. ఇదివరకు గంట పట్టేది ఇప్పుడు పది నిమిషాలకు అయిపోతోంది. తండ్రుల పేర్లు పూర్తిగా పడుతున్నాయి.

ముప్పయ్యవ తేదీ పదకొండింటికి పరిశీలకుడు డాక్టర్ గురునాథం వచ్చాడు. ఆయన దగ్గర తెల్లటి చేతి తొడుగులు, ఒక టార్చిలైటు, భూతద్దం ఉన్నాయి. డబ్బా విప్పించి, వేలు లోపలంతా తిప్పి, వేలిని వెలుతురులో పట్టుకొని చూశాడు. చాలాసేపు చూశాడు.

"పదిహేడు కార్యాలయాలు తిరిగాను" అన్నాడు చివరకు. "ఇది మొదటి శూన్యం."

ఆయన స్వహస్తాలతో డబ్బా మూతకు, ప్లగ్గుకు లక్క ముద్రలు వేశాడు. "పురస్కార ప్రదానం వరకు ఈ స్థితిని యథాతథంగా కాపాడాలి. ముద్ర చెదిరితే శూన్యం చెదిరినట్టే" అని హెచ్చరించి, టీ తాగి, వెళ్లిపోయాడు.

సాయంత్రం నాలుగుంబావుకు చెన్నకేశవులు వరండాలోకి పరుగున వచ్చాడు.

"హైమవతమ్మా, ఆ సుంకులమ్మ ఉత్తర్వు! ఐదింటికి గడువు!"

"సిద్ధంగా ఉంది సార్." హైమవతి ఫైలు అందించింది. తప్పొప్పులు లేకుండా, పేరాలు సర్ది, చక్కగా ఉంది. "సంతకం ఒక్కటే తక్కువ."

"పెట్టించేద్దాం పదండి."

"సంతకం డబ్బాలో ఉంది సార్."

చెన్నకేశవులు నోరు తెరిచాడు. ఈసారి చిత్తం రాలేదు.

కమిషనర్ గదిలో ముగ్గురూ గడియారం కింద నిలబడ్డారు. "చేత్తో సంతకం చేస్తాను" అన్నాడు విద్యాధర్. హైమవతి నాలుగేళ్ల కిందటి సర్క్యులర్ ముందుగానే తెచ్చుకుంది; చదివింది. "అయితే ముద్ర తీసి, ఒక్క ఐదు నిమిషాలు నడిపి..." అంటూ ఆయన జనన మరణాల గది దాకా వెళ్లాడు కూడా. లక్క మీద చెయ్యి వేశాడు. ఆ చెయ్యి అక్కడే ఉండిపోయింది. శూన్యం ఒక వైపు, పది మార్కులు ఒక వైపు.

మెట్ల మీద సుంకులమ్మ చీపురు ఒళ్లో పెట్టుకొని కూర్చుంది. ఎందుకు తెచ్చుకుందో ఆమెకే తెలియదు, తీసుకుపోదామని కావచ్చు. లోపలి నుంచి ఎవరూ రాలేదు. పాలిష్ మిషన్లు దూరంగా గుర్రుమంటున్నాయి.

గోడ గడియారం ఐదు కొట్టింది.

విద్యాధర్ లక్క మీది నుంచి చెయ్యి తీసి, గొంతు సవరించుకున్నాడు. అధికారులకు ఓటమి అనేది ఎప్పుడూ కొత్త విధానంగానే కనిపిస్తుంది.

"ఆలోచిస్తే మేనేజర్ గారూ, ఊడ్చేవాళ్లే లేని చోట ఊడవకపోవడంలో గొప్పేముంది? మనిషి ఉండి, చీపురు ఉండి, ఊడవకపోవడం, అది క్రమశిక్షణ. కొనసాగించండి."

"చిత్తం" అన్నాడు చెన్నకేశవులు, ప్రాణం లేచి వచ్చినట్టు.

హైమవతి మెట్ల దగ్గరికి వెళ్లింది. "రేపు రొట్టె తెస్తావుగా?" అని అడిగింది. సుంకులమ్మ ఆమె వైపు చూసి, చూసి, కొంగు నోటికి అడ్డం పెట్టుకుంది.

రాళ్లపాడు మున్సిపాలిటీకి రాష్ట్రస్థాయి నిర్ధూళి పురస్కారం వచ్చింది. గాజు బిగించిన పెద్ద షీల్డు. దాన్ని కమిషనర్ గదిలో పెట్టిన మూడో రోజుకు దాని మీద అక్షరాలు కనిపించకుండా పోయాయి. విద్యాధర్ వేలితో ఒక గీత గీసి, అటూ ఇటూ చూసి, నెమ్మదిగా సుంకులమ్మను పిలిపించాడు. ఆమె తడిగుడ్డతో ఒక్కసారి తుడిచింది. ఆ వారం నుంచి షీల్డు చుట్టూ మాత్రం తుడవడానికి అనుమతి దొరికింది. తర్వాత షీల్డు ఉన్న గది. తర్వాత ఆ గదికి వెళ్లే దారి. నెల తిరిగేసరికి ఆఫీసంతా మళ్లీ నేల కనిపించసాగింది. ఏ ఉత్తర్వూ లేకుండానే. ఉత్తర్వు ఇవ్వడానికి డబ్బా నడవాలి, డబ్బా నడవాలంటే ముద్ర తీయాలి, ముద్ర తీయమనే ఉత్తర్వు మీద డిజిటల్ సంతకం ఉండాలి.

ఒక శనివారం మధ్యాహ్నం సుంకులమ్మ జనన మరణాల గదిలోకి వెళ్లింది. ముద్రలు మూతకూ ప్లగ్గుకూ ఉన్నాయి, ముందు పక్క మూతికి లేవు. అలవాటుగా మూతి ఊడదీసి, జాలీ లాగి, వరండాలోకి తెచ్చి స్తంభానికి తట్టింది. ఏమీ రాలలేదు. ఇంకోసారి తట్టింది. ఎండకు అడ్డం పట్టుకొని చూసింది. ఒక్క కణం లేదు, ప్రతి కన్నంలోంచీ ఎండ కనిపిస్తోంది.

ఆమె మొహం మారిపోయింది.

"ఏందమ్మా ఇది" అంది హైమవతి దగ్గరికి వచ్చి. "రెండు నెలలాయ. చిటికెడన్నా పట్టలే. ఊపిరి పీల్చేదయితే ఇంత శుభ్రంగ ఉంటాదా?"

హైమవతి జాలీ చేతిలోకి తీసుకొని చూసింది. తర్వాత దాన్ని తిరిగిచ్చి, కళ్లజోడు సర్దుకొని, బల్ల మీది రెండు రిజిస్టర్లలో రెండోది దగ్గరికి లాక్కుంది. కొత్త పేజీ తిప్పింది. పేరు రాసింది. వయసు ఎనిమిదేళ్లు. నివాసం, బల్ల కింద. తేదీ దగ్గర స్విచ్చు ఆపిన తేదీ వేసింది. ఆ పక్క గడి దగ్గర కలం ఆగింది.

"కారణం ఏమని రాయమంటావు సుంకులమ్మా?"

సుంకులమ్మ జాలీని కొంగుతో తుడిచి, తుడవడానికి ఏమీ లేదని గుర్తొచ్చి ఆగింది.

"దుమ్ము తగలక, అని రాయమ్మా."